దాని సంగతి

నార్తాంప్టన్,
జనవరి 11, 2025

నాన్నా రోషన్,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం. నువ్వు స్మార్ట్‌ఫోను మానేసి మీటల ఫోను పట్టుకున్నావని, అది కూడా సగం రోజులు ఆపేసి ఉంటుందని మీ అమ్మ బాపట్ల నుంచి ఒకటే గోల. నాకు మాత్రం మంచిదే అయింది. మా ఇంటి గోడలు అట్టముక్కలు. కింద ఏం మాట్లాడినా పైగదిలోకి వినబడుతుంది. ఏంజెలినాకి తెలుగు వింటే అంతా తెలుస్తుంది, చదవడమే రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను. కేర్ హోమ్‌లో ఇంగ్లీషులో నోట్సు రాసీ రాసీ నా తెలుగు అక్షరాలు వంకరపోయాయి. సర్దుకుని చదువుకో.

పని చెబుతాను. ఏంజెలినా గేములాడే కంప్యూటరు కావాలంటోంది. షాపులో తయారుగా ఉండేది వద్దట. పార్టులు విడివిడిగా కొని తనే బిగించుకుంటుందట. "రోషన్ అన్న ఏవి చెబితే అవే" అంది. బీటెక్ సెలవల్లో రిపేరు షాపులో కూర్చునేవాడివి కదా, ఏది ఎందుకో నీకు తెలుస్తుంది. అన్నీ కలిపి ఆరువందల పౌండ్లు దాటకుండా చూడు. ఇందుకోసమే ఆదివారాలు కూడా డ్యూటీ రోటాలో పేరు వేయించుకున్నాను. పాస్టరుగారికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

నువ్వు ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఉన్నప్పుడు బాగుచేసిన పాత కంప్యూటరు ఇంకా ఆ పైగదిలోనే ఉంది. మీ బాబాయి ఇక్కడి మొదటి జీతంతో కొన్నదాయె, తీయనివ్వరు.

ఇంక దాని సంగతి. ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను. అక్టోబరు నుంచి అది బాగుండటం లేదు. పిలిస్తే పలకదు. ఏదో మొదలుపెడుతుంది, మధ్యలో ఆగిపోతుంది. రాత్రంతా నిద్రపోదు, పొద్దున లేపితే లేవదు. కాస్త ఒత్తిడి పెడితే చాలు, వేడెక్కిపోతుంది. ఒకరికి చూపించాం. ఆయన ఇంకొకరికి చూపించమన్నారు, అక్కడ వెయిటింగ్ లిస్టు. ఇదివరకు ఎంత చురుగ్గా ఉండేదో నీకు తెలుసుగా. నీ తీరు దానికి అలవాటు. నువ్వేం చేయమంటావో రాయి. నువ్వు చెబితే నాకు ధైర్యం.

వేడినీళ్ళు తాగు. గొంతు జాగ్రత్త.

మీ చిన్నమ్మ,
దీనా

*

ఎడిన్‌బర్గ్,
జనవరి 19, 2025

చిన్నమ్మకు, బాబాయికి,

మీ ప్రార్థనలో నా పేరు ఎత్తుతున్నందుకు సంతోషం. నా పేరుతోపాటు కాంగోలో గనుల్లో మట్టి తవ్వే పిల్లల పేర్లు కూడా ఎత్తండి. వాళ్ళ పేర్లు మనకి తెలియవు, అదే కదా అసలు తప్పు! ఆ మట్టిలో నుంచి వచ్చిందే ప్రతి ఫోను, ప్రతి కంప్యూటరు. మా బృందం వేసిన కరపత్రం ఒకటి ఇందులో పెడుతున్నాను. "మనిషి ముందు, వస్తువు తర్వాత" అని దాని పేరు. శనివారం శనివారం మేం నలుగురం రోడ్డు పక్కన బల్ల వేసుకుని పంచుతాం. మొన్న వానలో సగం తడిసిపోయాయి. ఒకాయన తీసుకుని బూటు తుడుచుకున్నాడు. నేను ఊరుకుంటానా? బస్‌స్టాపు దాకా ఆయన వెంటపడి మరీ వాదించాను.

సరే, ఏంజెలినా పని. గేములంటే నాకు ఒళ్ళుమంట. కుర్రకారుకి రావాల్సిన కోపాన్ని తెరమీద తుపాకులతో కాల్పించి ఖర్చు పెట్టించడమే వాటి పని. కానీ తనే బిగించుకుంటానంది చూశావా, అది నాకు నచ్చింది. నా చెల్లెలు కదా! విడిగా ఇంగ్లీషులో చీటీ పెట్టాను. సూత్రాలు మాత్రం ఇవి: పవర్ సప్లై తప్ప ఏదీ కొత్తది కొనకూడదు. అది మాత్రం కొత్తదే, మంచిదే కావాలి, పాడైతే మిగతా అన్నిటినీ వెంట తీసుకుపోతుంది. ఉన్న డబ్బులో ఇంచుమించు సగం గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. గేముల భారమంతా దాని మీదే. ప్రాసెసరు మధ్యరకం చాలు. రంగు లైట్లకి ఒక్క పెన్నీ ఇవ్వొద్దు, లైట్లు వేగం పెంచవు.

ఇక నువ్వు రాసిన దాని సంగతి. నిర్మొహమాటంగా చెబుతున్నాను, తిట్టుకోకు. పిలిస్తే పలకదు, మొదలుపెట్టి ఆగిపోతుంది, రాత్రి నిద్రపోదు, పొద్దున లేవదు అన్నావు. ఇవి చివరి దశ లక్షణాలు. దాని మీద ఇంక పైసా పెట్టొద్దు. టైము అసలే పెట్టొద్దు. మొదట్నుంచీ అందులో అంత సత్తా లేదు, చూసినప్పుడే నాకు తెలుసు, బాబాయి ముఖం చూసి అనలేకపోయాను. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పాడైంది. నేనే కాదు, ఎవరొచ్చినా బాగుచేయలేరు. వెయిటింగ్ లిస్టులో కూర్చోవడం దండగ. కౌన్సిల్‌కి ఒక్క ఫోన్ కొట్టండి. వాళ్ళే ఇంటికొచ్చి తీసుకుపోతారు. గది ఖాళీ అవుతుంది, మీకు శని వదులుతుంది.

కోపంతో కాదు, ప్రేమతోనే రాశాను.

మీ
రోషన్

*

నార్తాంప్టన్,
జనవరి 27, 2025

రోషన్‌కి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను లాంగ్ డే షిఫ్టులో ఉన్నాను. మన ఇళ్ళల్లో అలవాటేగా, కుటుంబ ప్రార్థన అయ్యాక ఎవరి ఉత్తరమొచ్చినా పైకి చదువుతారు. మీ బాబాయి చదివారు. నేను నీకేం రాశానో ఆయనకి తెలియదు. పార్టుల గురించే అనుకుని మొదలుపెట్టి, సగంలో ఆపేశారట. ఆపేసరికే అంతా అయిపోయింది.

నువ్వు ఇట్టా రాస్తావనుకోలేదు. సత్తా లేదా? ఎట్టా ఉన్నా అది మాది. కౌన్సిల్ ఊసు ఎత్తడానికి నీకు నోరెట్టా వచ్చింది? వాళ్ళు వచ్చి తీసుకుపోతుంటే మేము తలుపు తీసి పట్టుకోవాలా? మీ బాబాయి ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయారు. అప్పట్నుంచీ ఏదడిగినా "ఊఁ" తప్ప మాట లేదు.

ఏంజెలినా నీ చీటీ చించి బిన్‌లో వేసింది.

నీ కరపత్రం కూడా చదివాను. పేరు బాగుంది.

దీనా

*

ఎడిన్‌బర్గ్,
ఫిబ్రవరి 2, 2025

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి కోపమే వచ్చింది. నాకు వచ్చేది అదేగా!

ఒక ఇనప పెట్టె కోసం బాబాయి అన్నం మానేశారా? బాబాయే! చీరాలలో ఇల్లు అమ్మేసినప్పుడు కూడా పెరుగన్నం తిని పడుకున్న మనిషి! మొదటి జీతంతో కొన్నారు, మమకారం ఉంటుంది, కాదనను. కానీ ఈ మమకారాన్ని మన చేత పెంచి పోషించి లాభం చేసుకునేది ఎవరు? మేం కరపత్రంలో రాసింది ఇదే, నువ్వు పేరు మెచ్చుకుని ఊరుకున్నావు గానీ లోపలికి వెళ్ళలేదు. వస్తువుకి ప్రాణం పోసి, ప్రాణమున్న మనిషిని వస్తువుని చేస్తారు. ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

చెప్పనా? నీ మొదటి ఉత్తరంలో ఆ పెట్టె గురించి ఎంత రాశావు! పిలిస్తే పలకదట, నిద్రపోదట, వేడెక్కుతుందట. కన్నతల్లి బిడ్డ గురించి రాసినట్టు రాశావు. మరి ఏంజెలినా గురించి? కంప్యూటరు కావాలంటోంది, అంతే! ఎట్లా ఉంది, ఏం చదువుతోంది, ఎవరితో తిరుగుతోంది, సిక్స్త్ ఫార్మ్ కాలేజీలో ఏ సబ్జెక్టులు తీసుకుంది, ఒక్క ముక్క లేదు. మీ కళ్ళకి పెట్టె కనబడుతోంది, పిల్ల కనబడటం లేదు. పాపం, చీటీ చించేసిందంటే దాని తప్పు కాదు. ఇంట్లో అందరూ పాత డబ్బా చుట్టూ చేరి ఏడుస్తుంటే ఎవరికైనా కడుపు మండదా?

చీటీ మళ్ళీ రాసి పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు సెకండ్‌హ్యాండ్‌దే, మెమరీ ఎనిమిది జీబీకి తగ్గకూడదు. కొనేముందు నడిపించి చూపించమని అడగాలి, సిగ్గుపడొద్దు. బోర్డు, ప్రాసెసరు, ర్యామూ అందులో రాశాను.

బాబాయిని అన్నం తినమను.

రోషన్

*

నార్తాంప్టన్,
ఫిబ్రవరి 9, 2025

ఒరే నాన్నా,

నీ ఉత్తరం ఈసారి ముందు నా చేతికే వచ్చింది. బస్సులో చదివాను. "ఇనప పెట్టె" దగ్గర ఆగాను. వెనక్కి వెళ్ళి నువ్వు అంతకుముందు రాసింది మొదట్నుంచీ గుర్తు చేసుకున్నాను. నేనేం రాశానో గుర్తు చేసుకున్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

రోషన్, నేను రాసింది పెట్టె గురించి కాదురా. ఏంజెలినా గురించి.

అక్టోబరులో కాలేజీకి వెళ్ళడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదట, ఏమీ జరగలేదట, గేటు దాకా వెళ్ళి లోపలికి కాళ్ళు పడలేదట. అంతే చెప్పింది. తలుపేసుకుని కూర్చుంటుంది. మేం చూపించింది జీపీ డాక్టరుకి. ఆయన పిల్లల మనసు చూసే వాళ్ళ దగ్గరికి పంపారు, అక్కడ వెయిటింగ్ లిస్టు. ఇన్ని నెలల్లో అది నోరు తెరిచి ఇది కావాలని అడిగింది ఒక్క ఆ కంప్యూటరే. రోషన్ అన్నతో కలిసి బిగిస్తానంది. అప్పుడు నువ్వు పాతది విప్పుతుంటే టార్చి పట్టుకుని నిలబడింది చూడు, ఆ మాట ఇప్పటికీ చెబుతుంది.

కౌన్సిల్ అనగానే మీ బాబాయికి వేరే అర్థమైంది. కాలేజీ మాన్పించారని, కౌన్సిల్ నుంచి సోషల్ వర్కర్లు వచ్చి పిల్లని తీసుకుపోతారని ఆయనకి ముందునుంచే భయం. ఎవరో చర్చిలో అట్టాంటి కథ చెప్పారు. నువ్వేమో వాళ్ళొచ్చి తీసుకుపోతారు, శని వదులుతుంది అన్నావు. ఆయన చదవడం ఆపాక ఏంజెలినా అడిగిందట. "డాడ్, హీ మీన్స్ మీ, డజంట్ హీ?" అని. అన్న అనేది నన్నే కదా అని. ఆయన కాదనలేదు. కాదని ఆయనకీ తెలియదుగా. అది మెల్లిగా లేచి పైకి వెళ్ళింది. ఏడవలేదట. ఏడ్చినా బాగుండేది అంటారు ఆయన.

తప్పు నీ ఒక్కడిదే అని రాయలేను. దాని పేరు ఎందుకు రాయలేదని అడిగావు. సిగ్గురా. చర్చిలో ఆంటీలు ఏంజెలినా ఏదని అడిగితే మాక్ ఎగ్జామ్స్ అంటున్నాను. ప్రతివారం మాక్ ఎగ్జామ్సే! ఒకావిడ నవ్వింది కూడా. కేర్ హోమ్‌లో ఇంతమంది ముసలివాళ్ళ మనసులు కనిపెట్టే దాన్ని, కన్నకూతురి మనసు తెలియలేదంటే ఎట్టా చెప్పుకోను? నీకు రాసేటప్పుడు కూడా పేరు దగ్గర పెన్ను ఆగింది. పేరు రాస్తే నిజమైపోతుందేమోనని అది అని రాశాను. పిల్ల కనబడటం లేదు అన్నావు చూడు, అది నిజమే.

ఇంకా దానికి చెప్పలేదు. నువ్వే చెప్పు.

చిన్నమ్మ

*

ఎడిన్‌బర్గ్,
ఫిబ్రవరి 16, 2025

బాబాయికి,

ఈ ఉత్తరం ప్రార్థన అయ్యాక పైకి చదవండి. ముందు మీరొక్కరే చదివి వడపోయొద్దు. ఏ గదిలో, ఏ గొంతుతో ఆ మాటలు వినబడ్డాయో, అక్కడే, అదే గొంతుతో ఇవీ వినబడాలి. ఏంజెలినా కిందికి రానంటే మెట్ల దగ్గర నిలబడి చదవండి. గోడలు అట్టముక్కలని చిన్నమ్మ రాసింది.

ఏంజెలినా, నేను రోషన్ అన్నని. ఆ మాటలు నీ గురించి కాదు. మీ డాడీ కొన్న పాత కంప్యూటరు గురించి. మీ అమ్మ ఒకటి రాసింది, నేను ఇంకొకటి చదువుకున్నాను. మన భాషలో ఆడపిల్లకీ వస్తువుకీ ఒకటే మాట ఉంది, దాని వల్ల జరిగింది అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నేను తప్పించుకోను. మీ అమ్మ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఎవరు చదివినా తెలిసేటట్టే ఉంది. నిద్రపోదు అంటే, పిలిస్తే పలకదు అంటే, ఒక మనిషి గుర్తుకు రావాలి. నాకు రాలేదు. మదర్‌బోర్డు గుర్తుకొచ్చింది.

మీ అమ్మ ఉత్తరం అందిన రోజు నేను మా బల్ల దగ్గరికి వెళ్ళాను. అలవాటుగా ఒకామెకి కరపత్రం చాచాను. "మనిషి ముందు" అని నోట్లో నుంచి వచ్చింది. తర్వాతి మాట రాలేదు. ఆమె "ఆర్ యూ ఆల్‌రైట్, సన్?" అని అడిగింది. కాగితాలు అక్కడే పెట్టి వచ్చేశాను. నేను పనిచేసే హాస్పిటల్‌లో రోజూ మంచాల మీద మనుషుల్ని తోసుకుంటూ తిరుగుతాను. వాళ్ళ ముఖం చూస్తున్నానా, చక్రాలు చూస్తున్నానా అని ఆ రోజంతా నన్ను నేనే అడిగాను. జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

నీలో సత్తా లేదని నేను ఎప్పుడూ అనలేదు, అనుకోలేదు. ఆ రోజు టార్చి పట్టుకున్నప్పుడు, స్క్రూలు ఏది ఎక్కడిదో గుర్తుండాలని వాటిని ఒక కాగితం మీద బొమ్మ గీసి అతికించింది నువ్వే. ఆ పద్ధతి నేను రిపేరు షాపులో కూడా చూడలేదు.

బాబాయ్, ఇంకో మాట. కౌన్సిల్ అంటే పాత సామాన్లు పట్టుకెళ్ళే బండి అని నా ఉద్దేశం. మీకు కలిగిన భయానికి నేనే బాధ్యుణ్ణి. మీ కాళ్ళు పట్టుకోవాలని ఉంది, మీరు పట్టుకోనివ్వరని తెలుసు. ఆ పాత కంప్యూటరు ఎవరికీ ఇవ్వొద్దు. అది ఇప్పుడు బాగుందో లేదో నేను కనీసం చూడనైనా చూడలేదు.

చిన్నమ్మా, ఈస్టరుకి వస్తాను. ఏంజెలినాకి ఇష్టమైతేనే. ఆమె ఇంకా ఆలోచించుకోవాలంటే ఆలోచించుకోనివ్వు. నేను వచ్చినా కంప్యూటరు ఆమే బిగిస్తుంది, టార్చి నేను పట్టుకుంటాను. ఆమె పలకకపోయినా పట్టుకుంటాను.

తలెత్తలేని
రోషన్

*

నార్తాంప్టన్,
ఫిబ్రవరి 24, 2025

నాన్నా రోషన్,

మీ బాబాయి చదివారు. మెట్ల దగ్గరే నిలబడ్డారు. ఆయన గొంతు సంగతి తెలుసుగా, సువార్త కూటాల్లో మైకు లేకుండా ప్రసంగించిన గొంతు. పక్కింటి ముసలాయన గోడ తట్టాడు. అయినా ఆపలేదు. "నేనే బాధ్యుణ్ణి" దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, "వీడొకడు" అని మళ్ళీ మొదలుపెట్టారు.

చదవడం అయిపోయింది. మీ బాబాయి వచ్చి సోఫాలో కూర్చున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నట్టు నటించాను.

కాసేపటికి మెట్ల మీద నుంచి వినబడింది. "మమ్, ఆ ర్యామ్ ఈ బోర్డులో పట్టదు."

ఏమిటే అన్నాను. చేతిలో నీ మొదటి చీటీ ఉందిరా, టేపు వేసి అతికించింది. బిన్‌లో నుంచి ఎప్పుడు తీసుకుందో నాకు తెలియదు. రెండో చీటీ నేనే దాని తలుపు కింద నుంచి తోశాను, అదీ పట్టుకొచ్చింది. నువ్వు రాసిన బోర్డు పాతరకమట, ర్యామ్ కొత్తరకమట. గాడి కలవదట. "టెల్ హిమ్ హీ షుడ్ చెక్ బిఫోర్ హీ షౌట్స్" అంది. అరిచేముందు చూసుకోమని. మీ బాబాయి నవ్వారు. ఆయన నవ్వు విని చాలా రోజులైంది.

ఇంతలో బాగైపోయిందని అనుకోకు. కాలేజీ మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటుంది. ఆ రాత్రి మళ్ళీ తలుపు వేసుకుంది. వెయిటింగ్ లిస్టు అట్టాగే ఉంది. నేను మాత్రం మొన్న చర్చిలో ఒకావిడ అడిగితే మాక్ ఎగ్జామ్స్ అనలేదు. ఏంజెలినాకి ఒంట్లో బాగుండటం లేదు, ప్రార్థన చేయండి అన్నాను. పేరుతో సహా. నా ముఖం మండిపోయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఇంట్లో కూడా ఎవరో ఉన్నారేమో అనిపించింది.

నిన్ను ఈస్టరుకి రమ్మంది. రెండు షరతులు పెట్టింది. ఒకటి, లైట్లు కావాలట. వేగం పెంచకపోయినా కావాలట. "చీకట్లో కూర్చునేది నేను కదా" అంది. పెట్టిద్దాంరా.

రెండోది. నీ ఉత్తరంలో దాన్ని ఆమె, ఆమె అని రాశావు చూడు. మర్యాదగా రాయాలని రాశావు, నాకు తెలుసు. దానికి నచ్చలేదు. "ఆమె ఎవరు మమ్? చర్చి ఆంటీయా?" అని అడిగింది. ఆమె అంటే బయటి మనిషిని అన్నట్టు ఉందట. వాళ్ళ డాడీ, నేను, నువ్వు, ఇంట్లో అందరం ఎట్టా పిలుస్తామో అట్టాగే పిలవాలట. అట్టా రాస్తే మళ్ళీ కంప్యూటరనుకుంటాడే అన్నాను. "దెన్ హీ కెన్ ఆస్క్" అంది. అనుమానమొస్తే అడగమని.

ఇది రాస్తుంటే పక్కన వచ్చి కూర్చుంది. ఆ మాట ఏ అక్షరాలో చూపించమంది. రెండే అక్షరాలు, చూపించాను. నా పెన్ను లాక్కుంది. నాలుగుసార్లు వేరే కాగితం మీద దిద్దింది. కింద సంతకం పెట్టే చోటు తనకి వదలమంటోంది. వంకరగా ఉంటే నవ్వకు.

అది